చిన్నిల్లు వైపు బాణం

పొద్దున్నే ఎవరో బోర్డుని గోడవైపు తిప్పేశారు. ఎవరో ఏమిటి, మా అత్తగారే. తిప్పేసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"అమ్మా, కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నోరు విప్పి చెప్తే కదా తెలిసేది!"

"ఆ బోర్డు రేపు పార్కులో నిలబడితే నేను ఈ ఇంట్లో నిలబడను," అన్నారు లోపల్నుంచి. "అంతే. ఇంకేం అడక్కు."

అడక్కు అంటే మా ఆయన అడగడు. కానీ ఆ ఇంట్లో నేను కూడా ఉన్నానాయె. నాకంటే ముందు ఆరా పుట్టి తర్వాత నేను పుట్టానని మా నాన్న అంటుండేవాడు.

"మీరు ఇలా రండి," అన్నాను మా ఆయనతో.

మామూలుగా నేను ఆయన్ని నువ్వనే అంటాను. అత్తగారి చెవిన పడేచోట మీరంటాను. ఒళ్ళు మండినప్పుడు కూడా మీరే. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు, అందుకే పిల్లిలా వచ్చాడు.

ఇద్దరం కలిసి బోర్డుని మళ్ళీ ఇటు తిప్పాం. మనిషెత్తు రేకు బోర్డు. ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు. మా ఆయన వృత్తే బోర్డులు రాయడం. నేను పనిచేసేది పార్కు ఆఫీసులో. పార్కు మధ్యలో ఉన్న పాత మేడ చరిత్ర నలుగురికీ తెలిసేలా ఒక బోర్డు పెట్టాలని మా సూపరింటెండెంటు అంటే, చరిత్ర నేను రాసిచ్చాను, రేకు మీద ఈయన రాశాడు. పైన నాలుగు ముక్కల చరిత్ర, కింద పార్కు పటం. పటంలో ఏది ఎక్కడుందో చూపించే బాణం గుర్తులు. మేడ వైపు ఒక బాణం. బావి వైపు ఒకటి. మేడ వెనకాల ఉన్న, మధ్యలో ఒకే స్తంభం మీద నిలిచిన ఒంటి నిట్టాడి ఇంటి వైపు ఇంకొకటి. రేపు పొద్దున్నే తెర తీసే కార్యక్రమం.

"నేను రాసిచ్చింది ఏమిటి?" అన్నాను ఆ ఇంటి బాణం మీద వేలు పెట్టి.

"చిన్న ఇల్లు అని."

"మీరు రాసింది?"

ఆయన తల గోక్కున్నాడు. "చిన్నిల్లు."

"చూశారా!"

"చోటు చాల్లేదే! పక్కనే బావి బొమ్మ అడ్డమొచ్చింది. అందుకని సంధి చేశాను. చిన్న, ఇల్లు, చిన్నిల్లు. బళ్ళో మీ మాస్టారు చెప్పలేదా నీకు?"

"చెప్పారు. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని మాత్రం ఆయన చెప్పలేదు, ఊరు చెప్పింది."

"బోర్డు రాసేటప్పుడు అర్థం ఎవడు చూస్తాడే? అక్షరం నిండుగా పడిందా లేదా, అదే చూస్తాం. లకి లవత్తు ఎంత చక్కగా కుదిరిందో చూడు!"

లవత్తు కుదిరింది, కాపురమే కుదిరేట్టు లేదు.

నిన్న సాయంత్రం బోర్డు వరండాలో ఆరుతుంటే సైకిల్ షాపాయన అటుగా వెళ్తూ ఆగాడు. చదివి ఇకిలించాడు. "ఏమోయ్ పెయింటరూ, పెద్దింటి వెనకాలే చిన్నిల్లా! నడక కూడా దండగనుకున్నాడన్నమాట మహానుభావుడు!" అన్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఘొల్లున నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. మా అత్తగారు తీగ మీద బట్టలు తీస్తున్నారు. తీసిన దుప్పటి మడత పెట్టకుండానే లోపలికి వెళ్ళిపోయారు.

అసలు సంగతి నాకు ఇప్పుడు వెలిగింది. కిందటి నెల మాటల్లో మాటగా ఆవిడే చెప్పారు, తను పుట్టింది ఆ పార్కులోని వెనకింట్లోనేనని. మేడవాళ్ళ దగ్గర వాళ్ళమ్మ పనిచేసి ఉంటుందని మేము అనుకున్నాం. ఇప్పుడా ఇంటి మీద నా మొగుడు చిన్నిల్లు అని రాసి బాణం వేసి మరీ చూపించాడు. అంటే ఆ ఇంట్లో కాపురమున్న మనిషిని ఏమన్నట్టు? సొంత అమ్మమ్మని!

"అయ్యో రామ," అన్నాడు మా ఆయన నేను చెప్పగానే. "ఒసేయ్, నాకు తట్టనేలేదే. మాటని గీకేసి విడదీస్తే సరిపోతుందిగా? అమ్మా! మాట విడదీస్తానమ్మా! తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకోలేదు.

అక్కడే నాకు అనుమానం మొలిచింది. కూరలో ఉప్పు తగ్గితే మూడిళ్ళ అవతలికి వినపడేలా కేకలేసే మనిషి మా అత్తగారు. తప్పు రాసిన కొడుకుని ఈపాటికి ఉతికి ఆరెయ్యాలి. తిట్టడం లేదంటే తిట్టాల్సింది కొడుకుని కాదేమో.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. బోర్డు మధ్యాహ్నానికల్లా పార్కుకి చేరాలట. తెర తీయడానికి వచ్చే పెద్దావిడ అప్పుడే ఊళ్ళోకి దిగిందట. మేడ కట్టించిన ఆయన కూతురు. ఆవిడ ఎక్కడుందో నెలల తరబడి వాకబు చేసి పట్టుకున్న ఘనత నాదే.

నేను తలుపు దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, నాతో పార్కుకి రండి. ఆ ఇల్లు మీరే చూపించండి. నేను రాసిందాంట్లో ఏం తప్పుందో మీ నోటితో చెప్పండి, అదే రాయిస్తాను."

కాసేపటికి గడియ చప్పుడైంది. ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని బయటికొచ్చారు.

"చల్లారిన కాఫీ నాకొద్దు. వేడిగా పెట్టు," అన్నారు.

*

ఆ మేడని మీరు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. ముందువైపు ఎత్తు మెట్లు, రెండు చేతులా కౌగిలించినా అందని స్తంభాలు, రంగు అద్దాల తలుపులు. ఇప్పుడు కింద మా ఆఫీసూ, చదువుకునే గదీ ఉన్నాయి. పై అంతస్తుకి తాళం. జనం ముందువైపు నిలబడి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. వెనక్కి ఎవరూ రారు. నాకు మాత్రం మొదట్నుంచీ ఆ వెనకవైపే వింతగా ఉండేది.

మేడకి ముందు, పక్కల లెక్కలేనన్ని కిటికీలు. వెనకగోడకి ఒకే ఒక్కటి, అదీ పై అంతస్తులో, ఇటుకలతో మూసేసి సున్నం కొట్టేశారు. ఆ గోడకి ఎదురుగా, వీధి గేటు వైపు మొహం పెట్టుకుని వెనకిల్లు ఉంటుంది. దాని వాకిట్లో నిలబడితే గేటు కనపడదు. మేడ వీపు కనపడుతుంది.

మా అత్తగారు సరిగ్గా ఆ వాకిట్లోనే నిలబడ్డారు. లోపల ఇప్పుడు మా తోటపనివాళ్ళు నీళ్ళ గొట్టాలు, ఎరువు బస్తాలు పెట్టుకుంటున్నారు. ఆవిడ తొంగిచూసి, "పొయ్యి అక్కడుండేది," అన్నారు బస్తాల వైపు చూపిస్తూ. ఎన్నేళ్ళుగానో ఈ ఊళ్ళోనే ఉంటూ ఆవిడ ఎప్పుడూ పార్కులో కాలు పెట్టలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను, తిట్టకండి. పనివాళ్ళకి ఇల్లు కట్టించేవాళ్ళు దాని వాకిలి మేడ వైపో పెరడు వైపో పెడతారు. దీని వాకిలి వీధి గేటు వైపు ఎందుకుంది? మధ్యలో అంత మేడ అడ్డం ఉండగా?"

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. మొదటిసారి చిన్నగా నవ్వారు.

"అడిగావూ! ఇంతమంది ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నారు. ఒక్కరికీ తట్టలేదు."

"ఏది ముందు కట్టారు?"

"ఇదే. ఇది కట్టినప్పుడు ఎదురుగా గేటు దాకా ఖాళీ."

"అయితే మీ అమ్మగారు మేడలో పనికి..."

"మా అమ్మ పనిమనిషని నీకెవరు చెప్పారు?"

"మీరే..."

"నేను ఇక్కడ పుట్టానన్నాను. అంతవరకే అన్నాను. ఇంత చిన్న కొంపలో పుట్టిందంటే పనిమనిషి కూతురే అయ్యుంటుందని మీరు అనుకున్నారు. అనుకోనీలే అని నేనూ ఊరుకున్నాను."

ఆవిడ మెట్టు మీద కొంగుతో దుమ్ము దులిపి కూర్చున్నారు.

"మా నాన్న పెళ్ళి చేసుకుంది మా అమ్మని. తీసుకొచ్చింది ఈ ఇంటికి. నేను పుట్టాక వ్యాపారం కలిసొచ్చింది. వాకిట్లో మేడ లేవడం మొదలెట్టింది. మాకోసమే అనుకుంది అమ్మ. మేస్త్రీలకి తన చేత్తో మంచినీళ్ళిచ్చింది. ఏ గదిలో ఎవరు పడుకోవాలో కూడా అనుకుంది పిచ్చిది. తీరా తలుపులు బిగించాక అందులో దిగింది ఇంకొకావిడ."

"అంటే..."

"అంటే ఏముంది? నీ మొగుడు మాట సరిగ్గానే రాశాడు. బాణమే తప్పు వేశాడు."

నేను తలెత్తి మేడ వైపు చూశాను. ఆ స్తంభాలు, ఆ అంతస్తులు, ఆ గదులు.

"ఇంత పెద్ద చిన్నిల్లు నేనెక్కడా చూడలేదత్తయ్యా," అనేశాను. నా నోటికి హద్దూ అదుపూ లేదు.

ఆవిడ ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం మెట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. కాసేపటికి చూస్తే ఆవిడ నవ్వడం మానేశారు, కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆ కిటికీ ఏమిటి మరి?" అన్నాను కాస్త ఆగి. ఇలాంటప్పుడు కూడా అడక్కుండా ఉండలేని జన్మ నాది.

"ఆ పిల్లది. మేడలో పుట్టిన పిల్లది. నాకంటే చిన్నది. అక్కణ్ణుంచి తాడు కట్టి బుట్ట దించేది. నేను జామకాయలు పెట్టేదాన్ని. అది రంగు కాయితాలు పెట్టి దించేది. ఒకసారి తన గాజు తీసి పెట్టింది, నాకు పట్టలేదు, మళ్ళీ పైకి పంపించాను. ఒక్క మాట మాట్లాడుకోలేదు మేము. మాట్లాడకూడదని మాకు ఎవరూ చెప్పలేదు గానీ తెలుసు."

"ఎవరు మూయించారు? మీ అమ్మగారా? వాళ్ళమ్మా?"

"ఇద్దరూ కాదు. నాన్న. అమ్మలిద్దరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మగాడికే భయం వేసింది, రెండిళ్ళూ కలిసిపోతాయేమోనని."

పక్కన గొట్టంలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ లేచి వెళ్ళి కట్టేసి వచ్చారు. కారే కొళాయి చూస్తే ఊరుకోలేరు.

"ఆయన పోయాక మేడ అమ్మకే వచ్చింది. ఆవిడ్ని ఉండమంది అమ్మ. ఆవిడ ఉండలేదు. మీరు దయతలిచిన చోట ఉండలేనక్కా అని పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ మేడలో ఒక్క పూట కూడా పడుకోలేదు. తోటతో సహా ఊరికి ఇచ్చేసింది. పిల్లలెవరైనా వచ్చి ఆడుకోనివ్వండి అంది. ఆ తల్లీపిల్లల సంగతి మన నోట రాకూడదని నా దగ్గర మాట తీసుకుంది."

"ఇచ్చింది మీ అమ్మగారా! యజమాని దానం చేశాడని రాశానే నేను!"

"మీ ఆఫీసు కాయితాల్లో చేశాడని ఉందా?"

గుర్తు తెచ్చుకున్నాను. యజమాని ఇచ్చినది అని మాత్రమే ఉంది. ఆ యజమానికి మీసాలు పెట్టింది నేనే. ఇంతసేపూ మొగుణ్ణి సంధి చేశావని సాధించానా, నేను చేసింది అంతకంటే ఘనకార్యం.

"తిప్పేద్దాం," అన్నాను లేచి. "బాణం తిప్పేద్దామత్తయ్యా. ఇచ్చిందెవరో కూడా రాద్దాం. ఈయన ఇప్పుడే బోర్డు తీసుకొస్తున్నాడు. సాయంత్రానికి ఆరిపోతుంది."

"వద్దు."

"ఎందుకొద్దు? రేపట్నుంచి ఊరంతా చదువుతుంది దాన్ని! ఎవరో పనిమనిషి అనుకుంటూ పోతారు మీ అమ్మని! మీరు ఊరుకోగలరా?"

"రేపు తెర తీసేది ఎవరు?"

"మేడ కట్టించినాయన కూతురు..." అని ఆగిపోయాను.

"అదే. ఆ పిల్లే. ముసలిదైపోయుంటుంది. నీ అంతట నువ్వు వెతికి పిలిపించావు. నలుగురిలో నిలబెట్టి, దాని చేతే తెర తీయించి, ఇదుగో మీ అమ్మ ఇంటికి ఊరు పెట్టిన పేరు అని చూపిస్తావా? అది చేసిన తప్పేముంది?"

"మీ అమ్మగారు చేసిన తప్పేముంది?"

ఆవిడ మూసేసిన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

"విడదీసి రాయమను," అన్నారు చివరికి. "చిన్న ఇల్లు. అదీ నిజమే కదా. ఇల్లు చిన్నదే. అంతటితో వదిలెయ్యి."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పొద్దున ఇల్లు వదిలి పోతానన్న మనిషి ఇప్పుడు వాళ్ళమ్మనే వదులుకుంటానంటోంది.

ఇంతలో ట్రాలీ ఆటో చప్పుడైంది. మా ఆయన, డ్రైవరు కలిసి బోర్డు దించి వెనకింటి గోడకి ఆనించారు. మా ఆయన బ్లేడు, కిరసనాయిలు గుడ్డ, తెల్లరంగు డబ్బా వరసగా పెట్టుకుని, తల్లి మొహం చూశాడు.

"విడదీసెయ్యనా అమ్మా?"

"విడదియ్యి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు, బస్తాల మధ్యకి, పొయ్యి ఉండే చోటికి.

నేను మా ఆయనకి అంతా చెప్పలేదు. ఎలా చెప్పను? "త్వరగా కానివ్వండి," అన్నాను.

ఆయన బ్లేడు ఆనించబోతుండగా మేడ పక్క దారిలోంచి ఒక పెద్దావిడ చేతికర్రతో మెల్లగా వచ్చారు. వెనకాల కారు డ్రైవరు గొడుగు పట్టుకుని వస్తుంటే, నువ్వు అక్కడే ఉండు అని సైగ చేశారు. తెల్ల జుట్టు, బరువు కళ్ళద్దాలు. ముందుగా ఆవిడ చూసింది బోర్డుని కాదు, మమ్మల్నీ కాదు. తలెత్తి ఆ కిటికీ ఉన్న చోటు చూశారు. వెతుక్కోలేదు. తిన్నగా అక్కడికే చూశారు.

ఎవరో నాకు అర్థమైపోయింది. లోపలికి పరుగెత్తి చెబుదామనుకునేలోపే మా ఆయన నోరు తెరిచాడు.

"కార్యక్రమం రేపండి," అన్నాడు పాపం మా ఆయన.

"తెలుసు బాబూ. రేపు జనం ఉంటారు. జనం లేనప్పుడు ఒకసారి చూసుకుందామని వచ్చాను." ఆవిడ బోర్డు దగ్గరికి వంగి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, పటం అంతా వేలితో తడుముతూ చదివారు. వేలు ఒకచోట ఆగింది. "ఎవరు రాశారిది?"

"నేనేనండీ. చోటు చాలక మాటలు కలిపేశాను. తప్పు అర్థం వస్తోందని విడదీస్తున్నాను. ఏమనుకోకండి."

"విడదీయకు. మాట సరిగ్గానే ఉంది," అన్నారావిడ. "బాణమే తప్పు వేశావు."

ఆ ముక్క ఇందాక నేనొక్కదాన్నే విన్నాను. ఈవిడ అప్పటికి ఇంకా గేటు కూడా దాటలేదు.

లోపల ఏదో రేకు డబ్బా కింద పడి దొర్లింది. మా అత్తగారు గడప మీదికి వచ్చారు. ఆ పెద్దావిడ వెనక్కి తిరగలేదు. చేతికర్ర మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

"బాణం జోలికి పోకురా," అన్నారు మా అత్తగారు కొడుకుతో.

"తిప్పు బాబూ," అన్నారావిడ, ఆయనతోనే. "రేపు తెర తీసేది నేను. తప్పు బోర్డు మీద తెర నేను తీయను."

"మాట విడదీసి ఊరుకోరా. ఎవరి తల్లి వాళ్ళకి తల్లే."

"అందుకే తిప్పమంటున్నాను బాబూ. మా అమ్మ పోయేముందు కూడా అదే అంది. ఆ ఇంటావిడ పేరు ముందు ఉండాలంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరి మాటా మా ఆయన మీదుగానే పోతోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది ఆయన పని. కుంచె ముంచి పట్టుకున్నాడేమో, తెల్లరంగు బొట్లు బొట్లుగా చెప్పుల మీద పడుతోంది.

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు, ఆఖరికి నా వైపు చూశాడు.

"రాసిచ్చేది నువ్వే కదే," అన్నాడు. "ఎటు వెయ్యమంటావు?"

అప్పుడు వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు.